రెండో డబ్బా ఎందుకు విప్పాడు?

శవం మీద స్పీకరు పడి ఉంది.

బల్ల మీద పెట్టుకునే చిన్న రకం కాదు. నేల మీద నిలబెట్టేది. మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది. నల్లటి చెక్కపెట్టె, నలభై కిలోలకి తక్కువ తూగదు. దాని జోడీ మాత్రం పక్కనే ఏమీ ఎరగనట్టు నిటారుగా నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగి గోడకి ఆనుకున్నాడు. రెండు రాత్రులుగా బందోబస్తు డ్యూటీ. మోకాళ్ళు పీకుతున్నాయి. కళ్ళు మండుతున్నాయి. ఇంటికెళ్ళి ఒళ్ళు వాల్చుదామని బూట్లు విప్పుతుంటే ఫోన్ వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

"యాక్సిడెంట్ సార్," అన్నాడు ఎస్సై. కొత్తగా వచ్చినవాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు, ఉత్సాహమూ ఇంకా నలగలేదు.

"ఎవరు?"

"రిటైర్డ్ క్రేన్ ఆపరేటర్ సార్. ఓడరేవులో ముప్ఫై ఏళ్ళు చేశాడట. పెళ్ళీ పెటాకులూ లేవు. ఈ పై వాటాలో ఒక్కడే ఉంటాడు. వీధిలో అందరూ క్రేన్ మావయ్య అంటారు."

"మొదట చూసిందెవరు?"

"తమ్ముడు. పొద్దున ఎనిమిదింటికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి ఉందట. తోస్తే తెరుచుకుంది."

"డాక్టరేమన్నారు?"

"నిన్న సాయంత్రం ఆరు, ఏడు మధ్య అయ్యుండొచ్చన్నారు. తలకి దెబ్బ. అక్కడికక్కడే పోయాడట."

ఇన్‌స్పెక్టర్ "అమ్మా" అని మూలుగుతూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాత ఇల్లు. చెక్కపలకల నేల. చేత్తో కొడితే డోలులా మోగుతోంది. చచ్చిపోయిన మనిషి కాళ్ళకి చెప్పులు లేవు. కుడిచేతి దగ్గర ఒక స్పానర్. పక్కన స్పీకరు అడుగున బిగించే ఇత్తడి సూదికాళ్ళు ఏడెనిమిది, రెండు రబ్బరు కప్పులు.

నిలబడి ఉన్న స్పీకరు కింద అలాంటివే నాలుగు రబ్బరు కప్పులు బిగించి ఉన్నాయి. పడిపోయిన దానికి ముందువైపు రెండే ఉన్నాయి. వెనకవైపు రెండూ ఖాళీ బెజ్జాలు.

గోడ వారగా రెండు అట్టడబ్బాలు. రెండింటి సీలూ చింపి ఉంది.

"పాత కాళ్ళు తీసి కొత్తవి పెడుతున్నాడు సార్," ఎస్సై ఉత్సాహంగా చెప్పాడు. "ముసలితనం, ఒంటరి చెయ్యి. పెట్టె ఒరిగింది, మీద పడింది. కేసు క్లోజ్."

క్లోజ్ అంటే ఇల్లు, ఫ్యాను, నిద్ర. ఆ మాట ఇన్‌స్పెక్టర్ చెవికి ఎంత తియ్యగా తగిలిందో చెప్పలేం. కానీ పాడు కళ్ళు తలుపు వైపు పోయాయి. తలుపుకి లోపలివైపు మూడు గడియలు.

"మూడు గడియలు పెట్టించుకున్న మనిషి ఒక్కటీ వేసుకోలేదేమయ్యా?"

ఎస్సై మొహం మారింది. ఒక్క క్షణమే. మళ్ళీ వెలిగింది.

"అయితే కింది వాటా టీచరమ్మే సార్! ఈయన స్పీకర్ల మోత పడలేక పోయినవారం వీధి వీధంతా వినేలా తిట్టిందట. ఆ పెట్టెలు మీ నెత్తిన పడ అని! సరిగ్గా అలాగే పడింది."

"నోటిమాటకే మనుషులు పోతే మా ఇంటావిడ నన్నెప్పుడో పంపించేసేదయ్యా. పద, తమ్ముణ్ణి చూద్దాం."

తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఒళ్ళో ఏవో కాగితాలు, అవి ఇక దేనికీ పనికిరానట్టు పట్టుకున్నాడు.

"పొద్దున్నే ఎందుకొచ్చారు?"

"సంతకం కోసం. ఈ ఇల్లు మా ఇద్దరిదీ. అమ్మేద్దామని రెండేళ్ళుగా పోరుతున్నాను. వాడు ససేమిరా అంటాడు."

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

తమ్ముడు తలెత్తలేదు. "ఇక్కడికే వచ్చాను. ఆరింటికి. గేటు దాకా వచ్చి వెనక్కి పోయాను."

"ఏం?"

"పాట వినబడింది. పాట పెట్టాడంటే తలుపు బద్దలుకొట్టినా వాడికి తెలీదండి. క్రేన్ ఇంజను పక్కన కూర్చుని కూర్చుని చెవులు పోయాయి. దగ్గర నిలబడి అరిస్తే మాట అందేది గానీ పాట అందేది కాదు. పాదాలతో వినేవాడు."

"పాదాలతోనా?"

"చెప్పులు విప్పేసి ఆ చెక్కల మీద నిలబడేవాడు. స్పీకర్ల అదురు నేలలోంచి కాళ్ళలోకి ఎక్కుతుందిట. 'ఒరే, ఇవాళ పాట మోకాళ్ళ దాకా వచ్చిందిరా' అనేవాడు. పిచ్చిమాలోకం." మొహం పక్కకి తిప్పుకున్నాడు.

కింది వాటా తలుపు కొట్టకముందే తెరుచుకుంది. టీచరమ్మ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. నలభై అయిదేళ్ళుంటాయి. మొహం చూస్తే ఆవిడా తనలాగే రెండు రాత్రులు నిద్రపోనట్టుందని ఇన్‌స్పెక్టర్ అనుకున్నాడు.

"మెల్లగా మాట్లాడండి," అంది ముందే. "లోపల అమ్మ ఉంది. పన్నెండేళ్ళుగా మంచం మీదే. పైన సంగతి ఇంకా చెప్పలేదు. గుండె మంచిది కాదు. దయచేసి ఆ గదిలోకి వెళ్ళకండి."

"పైవారితో గొడవెందుకు?"

"ఆ మోతకండీ. అమ్మకి తల తిరిగే జబ్బు. మంచం కాస్త అదిరినా కళ్ళు తిరిగి వాంతులు. ఆయన పాట పెడితే పైన దూలాలు, ఇక్కడ గోడలు, ఆ ఇనపమంచం అన్నీ ఒకటే దడ. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. కడుపు మండి ఓ మాటన్నాను."

"నిన్న సాయంత్రం పైకి వెళ్ళారా?"

"లేదు. వారం రోజులుగా ఆ గుమ్మం తొక్కలేదు."

"పాట వినబడిందా?"

"రోజూలాగే. మంచం కూడా రోజూలాగే ఊగింది."

ఆవిడ లోపలికెళ్ళి స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు ఇన్‌స్పెక్టర్ చేతికి అందబోతుండగా పక్క గదిలో చిన్న గంట మోగింది. మరుక్షణం గ్లాసు నేల మీద ఉంది, నీళ్ళు ఆయన బూట్ల మీద ఉన్నాయి, టీచరమ్మ పక్క గదిలో ఉంది.

ఐదు నిమిషాలకి తిరిగొచ్చి గుడ్డతో నేల తుడిచింది.

"క్షమించండి. అలవాటైపోయింది." గుడ్డ పిండి అడిగింది. "నన్ను స్టేషన్‌కి తీసుకెళతారా?"

"ఇంకా తెలీదమ్మా."

"తీసుకెళితే అమ్మ దగ్గర ఎవరూ ఉండరు. నాకు అక్కాచెల్లెళ్ళు లేరు. అన్నదమ్ములు లేరు. పూటకో మనిషిని పెట్టే స్తోమతా లేదు." ఆవిడ ఏడవలేదు. బోర్డు మీద లెక్క వేసి చూపించినట్టు చెప్పింది. అదే ఇన్‌స్పెక్టర్‌కి ఎక్కువ బాధనిపించింది.

డబ్బా మీద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే స్పీకర్ల షాపు మనిషి గంటలో వచ్చాడు. లావుపాటి మనిషి, వాగుడుకాయ. అంతకుముందు శవం పడి ఉన్న చోటుకేసి చూడకుండా గోడకేసి చూస్తూ మాట్లాడాడు.

"పాతవి సూదికాళ్ళు సార్. స్పీకర్ని నేలకి మేకు కొట్టినట్టు పట్టేస్తాయి. పెట్టె అదిరితే నేల అదురుతుంది. నేల అదిరితే కింది ఇల్లు అదురుతుంది. ఈ రబ్బరు కప్పుల్లో స్ప్రింగులున్నాయి. అదురంతా అవే మింగేస్తాయి. పాట గాల్లో వస్తుంది, నేలలోకి దిగదు."

"కచ్చితంగా పనిచేస్తాయా?"

"చెక్కనేల సార్, ఎవరు చెప్పగలరు? అందుకే ఆయనతో ఒప్పందం చేసుకున్నాను. పెట్టెకో డబ్బా. ముందు ఒక డబ్బా విప్పి ఒక పెట్టెకి బిగించి, దాన్నొక్కదాన్నే మోగించి చూడు. పనిచెయ్యకపోతే రెండోది సీలు తియ్యకుండా తెచ్చెయ్, వాపసు తీసుకుంటాను. సీలు తీశావా, ఇక నాకు సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క మీద అరగంట నా ప్రాణం తోడేశాడు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి!"

"ఒక్కడే బిగించుకోగలడా?"

"అబ్బే! ఒకరు వంచి పట్టుకోవాలి, ఒకరు పడుకుని బిగించాలి. మనిషిని పంపిస్తానన్నాను. వద్దు, నేను చూసుకుంటానన్నాడు." షాపు మనిషి గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతి సార్. ఇవి పెడితే నీ కాళ్ళకి ఏమీ తెలీదు, ఇక నీకు పాట లేనట్టే అని చెప్పాను. తెలుసులే, డబ్బా కట్టు అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ మెట్ల కింద కుర్చీ వేయించుకుని టీ తెప్పించుకున్నాడు. టీ చల్లారింది, తాగలేదు. ఎస్సై చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"తమ్ముడే సార్. ఇల్లు కావాలి, సంతకం కావాలి, ఆరింటికి వచ్చానని వాడే ఒప్పుకున్నాడు. పెట్టె పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేశాడు. అరెస్ట్ చేసేద్దామా?"

"వాడొస్తే మూడు గడియలున్న తలుపు తీస్తాడా వాళ్ళన్న? తీసినా నా పెట్టె పట్టుకోరా అని అడుగుతాడా? రెండేళ్ళుగా కొట్టుకుంటున్నారు." ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకున్నాడు. నిద్ర ఆగలేక కునుకు పట్టింది. ఆ కునుకులోనూ రెండు అట్టడబ్బాలే. ఉలిక్కిపడి లేచాడు.

"అందర్నీ పైకి పిలు," అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయనకి ఏ సంతోషమూ కలగలేదు.

సాయంత్రం నాలుగింటికి పై గదిలో చేరారు. తమ్ముడు కిటికీ దగ్గర, షాపు మనిషి గుమ్మం దగ్గర. టీచరమ్మ మధ్యలో నిలబడే ఉంది. "అమ్మ నిద్రపోయింది. పది నిమిషాలే ఉంటాను," అంది.

ఇన్‌స్పెక్టర్ నిలబడలేక బల్ల అంచున కూర్చున్నాడు.

"నిన్న ఈ గదిలో రెండో మనిషి ఉన్నారు. స్పీకరు వంచి పట్టుకోవడానికి. ఎవరన్నదే ప్రశ్న. పొద్దున్నుంచీ పెట్టె చుట్టూ తిరిగాం. డబ్బాలని ఎవరూ చూడలేదు. నేనూ చూసి వదిలేశాను. అట్టడబ్బాలేగా!" రెండో డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆయన ఇది ఎందుకు విప్పాడు?"

"ఎందుకేంటి సార్, బిగించడానికి," అన్నాడు ఎస్సై.

"సీలు తీస్తే వాపసు లేదు. ఆ ముక్క మీద అరగంట బేరమాడిన మనిషి. మొదటి డబ్బా పనిచేసిందని తేలకుండా దీన్ని ముట్టుకుంటాడా? చచ్చినా ముట్టుకోడు. అంటే పనిచేసిందని ఆయనకి తెలిసింది. ఎలా తెలిసింది?"

"కాళ్ళకి తెలిసి ఉంటుంది," అన్నాడు తమ్ముడు మెల్లగా. "నేల అదరకపోతే ముందు తెలిసేది వాడికే."

షాపు మనిషి తల అడ్డంగా ఊపాడు. "లేదండి. పైన నిలబడితే ఆగిపోయినట్టే ఉంటుంది. సన్నటి అదురు దూలాల్లోంచి కిందికి దిగుతుంది. కింద ఇనప మంచాలకి అందుతుంది. అది కిందివాళ్ళే చెప్పాలి. నేను ఆయనకి మరీ మరీ చెప్పాను కూడా."

అన్నాక గాని తానేమన్నాడో అతనికి తట్టలేదు. నోరు మూసుకున్నాడు.

"టీచరమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. పోలీసు గొంతు కాదది, అలిసిపోయిన మనిషి గొంతు. "మంచం ఊగడంలేదని ఆయనకి చెప్పగలిగింది మీ ఇల్లొక్కటే. మీ అమ్మగారు లేవలేరు. ఇంక మిగిలిందెవరు? నిన్న మంచం ఊగిందని నాతో అన్నారు. ఊగి ఉంటే ఈ డబ్బా సీలుతోనే ఉండేది."

టీచరమ్మ నిటారుగా ఉన్న స్పీకరు మీద చెయ్యి వేసింది.

"పోయినవారం నేను తిట్టాక ఆయన నాతో దెబ్బలాడ్డానికే కిందికి వచ్చారు. పైన పాట మోగుతూనే ఉంది. అమ్మ మంచం చూశారు. వంగి మంచం పట్టె మీద అరచెయ్యి వేశారు. కాసేపలాగే నిలబడి మారుమాట్లాడకుండా వెళ్ళిపోయారు. నిన్న స్కూలు నుంచి వచ్చేసరికి మెట్ల దగ్గర కాచుకుని ఉన్నారు. 'పెట్టె కాస్త వంచి పట్టుకుంటావా తల్లీ?' అన్నారు."

"మొదటిది ఇద్దరూ కలిసి బిగించారు."

"బిగించి ఆ ఒక్క పెట్టెలోనే పాట పెట్టారు. నేను కిందికి పరిగెత్తాను. అమ్మా, మంచం ఊగుతోందా అంటే లేదే అంది! పైకొచ్చి చెబితే ఆయన చిన్నపిల్లాడిలా సీలు గోళ్ళతో చింపేశారు. రెండోదానికి ముందుకాళ్ళు అయ్యాయి. వెనకవి పెట్టడానికి నేను ముందుకి వంచి పట్టుకున్నాను. ఆయన వెనకాల పడుకున్నారు." ఆవిడ తన రెండు చేతులకేసి చూసుకుంది. "అప్పుడు గంట మోగింది."

ఇన్‌స్పెక్టర్ బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"పన్నెండేళ్ళండీ. గంట మోగితే చేతిలో ఏముందో చూసుకోను. గిన్నె అయినా, చాకు అయినా. గుమ్మం దాకా వెళ్ళాక చప్పుడు విన్నాను. వెనక్కి తిరిగి... వెనక కాళ్ళు లేవు కదా, అటే పడింది. పిలిచాను. పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను."

"అప్పుడే మాకు ఎందుకు చెప్పలేదమ్మా? మీరు కావాలని చేసింది కాదే."

"చెబితే గంట సంగతీ చెప్పాలి. అమ్మకి తెలిస్తే జన్మలో మళ్ళీ గంట కొట్టదు. దాహమేసినా కొట్టదు. ఊపిరాడకపోయినా కొట్టదు. మా అమ్మ నాకు తెలుసు." అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది, కిందికి వినబడకుండా.

ఎస్సై తల దించుకున్నాడు. ఉత్సాహం నలిగింది.

ఇన్‌స్పెక్టర్ అడిగాడు. "మీ అమ్మగారు నిన్న ఎందుకు కొట్టారు గంట?"

"అడగలేదు. కిందికెళ్ళి పక్కన కూర్చున్నాను. అడగడానికి ధైర్యం చాల్లేదు."

"హత్య కాదిది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అజాగ్రత్త. పైగా దాచిపెట్టడం. బెయిలిచ్చే కేసే. కానీ ఇవాళ రాక తప్పదు. స్టేట్‌మెంట్ ఇవ్వాలి. రేపు కోర్టు. రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటారు."

"మరి ఈ రాత్రి?"

కిటికీ దగ్గర నుంచి తమ్ముడు కదిలాడు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

"వాడికి నొప్పి తెలిసిందా?" అని అడిగాడు టీచరమ్మని.

"లేదండి. పాట పాడుకుంటున్నారు."

ఆయన ఆవిడకేసి చూశాడు. తిడతాడనుకున్నారు అందరూ. "నేను కూర్చుంటాను పెద్దావిడ దగ్గర," అన్నాడు. "మందులెక్కడున్నాయో చూపించి వెళ్ళమ్మా."

టీచరమ్మ మందులు చూపించింది, నిద్రపోతున్న తల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూసుకుంది, ఎస్సైతో జీపు దగ్గరికి నడిచింది. ఇన్‌స్పెక్టర్ వెనకే బయలుదేరబోయాడు. లోపల్నుంచి మాట వినబడి గుమ్మంలో ఆగాడు.

"ఎవరు నాయనా?"

"పైవాటా ఆయన తమ్ముణ్ణి అమ్మా. మీ అమ్మాయి పనిమీద వెళ్ళింది. రేపొస్తుంది. అందాకా నేనుంటాను."

"పైవారి తమ్ముడివా! మంచిదయింది. మీ అన్నయ్యకి ఓ మాట చెప్పాలి నాయనా. నిన్న మంచం కదల్లేదు. ఎంత సుఖంగా ఉందో! ఉంది గానీ, నాకు సుఖమైతే ఆయనకేం మిగిలింది? పాదాలతో వింటాడట కదా, అమ్మాయి చెప్పింది. ఒకటి మార్చాడు, చాలు. రెండోది మార్చొద్దని చెబుదామనే నిన్న గంట కొట్టాను. ఒక పెట్టె మోత నేను ఓర్చుకోగలను. అమ్మాయి వచ్చింది గానీ దాని మొహం పాలిపోయి ఉంది. ఒంట్లో బాగాలేదేమో, ఎందుకులే అని ఊరుకున్నాను. నువ్వు చెబుతావా?"

లోపల కుర్చీ మంచం దగ్గరికి జరిగిన చప్పుడయింది.

"చెబుతానమ్మా," అన్నాడు తమ్ముడు.

ఇన్‌స్పెక్టర్ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి జీపెక్కాడు. టీచరమ్మ వెనక సీట్లో అంచున కూర్చుని ఉంది.

"అమ్మ లేచిందా?"

"లేచారు."

"ఏమైనా అందా? నిన్న ఎందుకు కొట్టిందో..."

ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆయన విన్న అబద్ధాలకి లెక్కలేదు. తాను చెప్పాల్సి వచ్చినవి తక్కువే. పైగా ఇవాళ బాగా అలిసిపోయి ఉన్నాడు. నిజం చెప్పే ఓపిక లేదు.

"మంచినీళ్ళకట," అన్నాడు.

టీచరమ్మ మెల్లగా తలూపింది. "అవును. నిన్న చెంబు నింపడం మర్చిపోయాను," అంది.

ఇన్‌స్పెక్టర్ ముందుకి తిరిగి డ్రైవర్‌ని పోనిమ్మన్నాడు.